హద్దుకూ ఒక తారీఖ్ ఉంటుంది



మన విశాఖలో ఇలాంటి ఖాన్‌దాన్‌లు చాలానే ఉన్నాయి. తాత రేవులో కలాసీ. తండ్రి స్టీల్‌ప్లాంటులో ఉద్యోగి. కొడుకు మాత్రం రాత్రి పదింటికి లాప్‌టాప్ తెరుచుకుని కూర్చుంటాడు. "ఏం కామ్ చేస్తావు బేటా?" అని అమ్మీ అడిగితే "సర్వర్లు చూస్తాను, వర్చువల్ మెషిన్లు చూస్తాను" అంటాడు. ఒక రాత్రి వాడు తల పట్టుకుని కనిపిస్తాడు. "ఏం లేదమ్మీ, మెషిన్‌కి ఇంకో కార్డు తగిలిద్దామంటే హద్దు దాటింది, ఖాళీ స్లాట్ లేదు అంటోంది." అమ్మీకి స్లాట్ అంటే తెలియకపోవచ్చు. హద్దు అంటే తెలుసు. అందుకే సీదాగా అడుగుతుంది: "ఆ హద్దు ఎవరు పెట్టారు? ఎందుకు పెట్టారు?"

ఇంజినీర్లు చాలామంది వేయని సవాల్ అది. ఈ మజ్మూన్ దానికి జవాబ్ వెతికే ప్రయత్నం.

"హద్దు" మన మాటే. అరబ్బీ "హద్" నుంచి వచ్చి తెలుగులో స్థిరపడింది. "బందరు", "లంగరు" ఫార్సీ నుంచి వచ్చాయి. "హక్కు" మన "హక్". రేవు నగరంలో హద్దు గురించి మాట్లాడటానికి కావలసిన లఫ్జులన్నీ మన ఇంట్లోనే ఉన్నాయి. ఉర్దూలో "తారీఖ్" అంటే తేదీ, చరిత్ర కూడా. ప్రతి హద్దుకూ ఈ రెండు అర్థాల్లోనూ తారీఖ్ ఉంటుంది. ఫలానా రోజు, ఫలానా సబబ్‌తో, ఎవరో ఒకరు ఆ అదద్‌ను రాశారు. ఆ సబబ్ తెలిస్తేనే హద్దు పెంచవచ్చో లేదో తేలుతుంది.

రేవు చెప్పే సంగతి

ముందు మనకు కళ్లెదుట కనిపించే హద్దు చూద్దాం. వన్‌టౌన్‌లో హజ్రత్ ఇస్‌హాఖ్ మదనీ ఔలియా దర్గా ఉన్న కొండ ఎక్కితే కింద ఓడల దారి కనిపిస్తుంది. అవతల డాల్ఫిన్ నోస్ కొండ, ఇవతల దర్గా కొండ, పక్కనే గుడి ఉన్న కొండ, చర్చి ఉన్న కొండ. వెళ్లే ఓడలూ వచ్చే ఓడలూ దర్గాకు జెండా దించి సలాం చేసేవని పెద్దలు చెప్పుకుంటారు. ఆ రెండు కొండల నడుమ సన్నటి నీటి దారే ఇన్నర్ హార్బర్‌కు దర్వాజా.

రేవు లేని జమానాలో ఓడలు సముద్రంలోనే లంగరు వేసుకుని ఆగేవి. సరుకును పడవల మీద అలలు దాటించి ఒడ్డుకు చేర్చేవారు. మేఘాద్రి గెడ్డ సముద్రంలో కలిసేచోట ఉన్న బురదనేలను తవ్వి హార్బర్ చేశారు. ఇసుక కొట్టుకొచ్చి దారి పూడిపోకుండా రెండు పాత ఓడలను ముంచి అడ్డుకట్టగా వాడుకున్నారు. 1933 అక్టోబర్ 7న 'జలదుర్గ' అనే ఓడ లోపలికి వచ్చింది. అదే ఏడాది డిసెంబర్ 19న వైస్రాయ్ లార్డ్ విల్లింగ్డన్ రేవును లాంఛనంగా ప్రారంభించాడు. అప్పుడు ఉన్నవి మూడు బెర్తులు. అంటే ఒక్కసారి మూడు ఓడలకు జాగా.

మూడు అనే అదద్ ఆ రోజు జరూరత్‌ను బట్టి, జేబును బట్టి వేసిన అందాజా. తర్వాత బెర్తులు పెరిగాయి. తవ్వితే జాగా వస్తుంది కనుక ఆ హద్దు పెంచడం పెద్ద కష్టం కాలేదు. అసలు చిక్కు ఓడ సైజు దగ్గర వచ్చింది. బైలదిలా ఇనుప ఖనిజం జపాన్‌కు పంపాలి. అంత దూరం తీసుకెళ్లాలంటే ఓడ ఎంత పెద్దదైతే టన్నుకు ఖర్చు అంత తక్కువ. కానీ కొండల నడుమ ఉన్న దారి ఎంత పొడవు, ఎంత వెడల్పు, ఎంత లోతు ఉన్న ఓడను రానిస్తుందో అంతకు మించి రానివ్వదు. లోపల ఎన్ని బెర్తులు కట్టినా ఫాయిదా లేదు. దర్వాజాలో పట్టని మంచాన్ని గదిలో ఎక్కడ వేస్తాం?

దాంతో ఇంజినీర్లు దర్వాజాతో తగవు మానేశారు. కొండల బయట, సముద్రంలోనే రాళ్లతో అడ్డుకట్టలు కట్టి కొత్త హార్బర్ లేపారు. అదే ఔటర్ హార్బర్. 1976లో అది పని మొదలుపెట్టాక లక్ష టన్నుల తరగతి ఓడలు విశాఖకు రాగలిగాయి.

రేవు మనకు రెండు రకాల హద్దులు చూపించింది. బెర్తుల లెక్క ఒకటి. దారి ఇరుకు ఇంకొకటి. మొదటిది లోపలే పెంచుకోవచ్చు. రెండోదానికి బయట కొత్తగా కట్టాలి. మూడో రకం హద్దు కూడా ఉంది. దాని దగ్గరకు చివర్లో వస్తాను. ఇప్పుడు కొడుకు లాప్‌టాప్‌లోకి చూద్దాం. అక్కడా ఇవే మూడు రకాలు ఉన్నాయి.

మేజ్బాన్, మెహమాన్

వర్చువల్ మెషిన్ అంటే నకలు కంప్యూటర్. ఒక పెద్ద అసలు కంప్యూటర్ లోపల అనేక నకలు కంప్యూటర్లు నడుస్తాయి. ప్రతిదీ తానే పూర్తి కంప్యూటర్ అనుకుంటుంది. ఆ రంగంలో అసలు మెషిన్‌ను హోస్ట్ అని, నకలు మెషిన్‌ను గెస్ట్ అని పిలుస్తారు. మన జబాన్‌లో మేజ్బాన్, మెహమాన్. ఇంతకంటే బాగా ఎవరూ పేరు పెట్టలేరు. మేజ్బాన్ ఇంట్లో మెహమాన్‌కు ఒక గది ఇస్తాం. ఆ గదిలో ఉన్నంతసేపు అది వాళ్లదే. పక్క గదిలోకి తొంగిచూడకూడదు.

ఈ ఖయాల్ చాలా పాతది. అమెరికాలోని కేంబ్రిడ్జ్‌లో ఐబీఎం ఇంజినీర్లు 1960లలో సీపీ-40 అనే వ్యవస్థ తయారుచేశారు. అందులో ఒకేసారి 14 నకలు మెషిన్లు నడిచేవి. చూశారా, మొదటి రోజునుంచే ఒక హద్దు. 1972 ఆగస్టులో ఐబీఎం వీఎం/370ని ప్రకటించింది. అసలు యంత్రానికి ఉన్న ఒక పరికరాన్ని, ఉదాహరణకు ఒక టేప్ డ్రైవ్‌ను, ఫలానా మెహమాన్‌కు అప్పగించడానికి అందులో ఒక హుకుం ఉండేది. దాని పేరు 'అటాచ్'. ఇవాళ కుర్రాళ్లు వాడే మాటా అదే.

మన పిల్లలు ఎక్కువగా చూసేది కేవీఎం. ఖుమ్రానెట్ అనే కంపెనీలో ఏవీ కివిటీ మొదలుపెట్టిన ఈ పని 2007 ఫిబ్రవరిలో లినక్స్ 2.6.20లో భాగమైంది. ఇవాళ క్లౌడ్ అని మనం పిలిచేదానిలో పెద్ద భాగం దీని మీదే నడుస్తోంది.

మెహమాన్‌కు పరికరం ఇవ్వడానికి రెండు పద్ధతులున్నాయి. ఒకటి, నకలు పరికరం చూపించడం. మెహమాన్ దానికి చెప్పిన ప్రతి పనినీ మేజ్బాన్ మధ్యలో ఉండి చేసిపెడతాడు. ఇది సులువు, కానీ నెమ్మది. రెండోది, అసలు పరికరాన్నే చేతికి ఇచ్చేయడం. నెట్‌వర్క్ కార్డు గానీ, గ్రాఫిక్స్ కార్డు గానీ, డిస్క్ కంట్రోలర్ గానీ నేరుగా మెహమాన్‌దే. మధ్యలో ఎవరూ ఉండరు కనుక వేగం దాదాపు అసలంతే ఉంటుంది.

కానీ ఇందులో ఒక ఖతరా ఉంది. పరికరానికి మెమరీలోకి నేరుగా రాసే తాఖత్ ఉంటుంది. మెహమాన్ దానికి తప్పుడు అడ్రస్ ఇస్తే అది పక్క మెహమాన్ గదిలో రాసేస్తుంది, లేదా మేజ్బాన్ సొంత అల్మారాలోనే రాసేస్తుంది. దీన్ని ఆపడానికి ఐవోఎంఎంయూ అనే కాపలా హార్డ్‌వేర్‌లోనే వచ్చింది. ఆ కాపలాను సరిగ్గా వాడుకుని పరికరాన్ని అప్పగించే ఇంతెజామ్‌కు వీఎఫ్ఐవో అని పేరు. 2012లో అది లినక్స్ 3.6తో వచ్చింది. దాన్ని నిలబెట్టినవారిలో ముఖ్యుడు అలెక్స్ విలియమ్సన్. ఈ పేరు గుర్తుంచుకోండి. ఇంకో రెండుసార్లు వస్తుంది.

పరికరం ఇవ్వడం వచ్చాక సహజంగా వచ్చే సవాల్: ఎన్ని ఇవ్వవచ్చు?

మొదటి హద్దు: ఇరుకు దారి

కంప్యూటర్‌లో కార్డులు కూర్చునే దారికి పీసీఐ అని పేరు. 1992లో ఇంటెల్ దీన్ని తెచ్చింది. ఒక్కో దారిలో ఉన్న ఒక్కో పరికరానికి నంబరు రాయడానికి ఐదు బిట్లు కేటాయించారు. బిట్ అంటే సున్నా లేదా ఒకటి పట్టే గడి. ఐదు గడుల్లో రాయగలిగే నంబర్లు 32. అంతే. ఒక దారికి 32 పరికరాలు. ఇది ఎవరి పిసినారితనమూ కాదు. ఆ జమానాలో ఒక కంప్యూటర్‌కు 32 కార్డులంటే ఊహకు కూడా ఎక్కువే.

కేవీఎంతో కలిసి నకలు కంప్యూటర్‌ను చూపించే ప్రోగ్రాం పేరు క్యూఈఎంయూ. అది చాలాకాలం 1996 నాటి ఒక ఇంటెల్ మదర్‌బోర్డు రూపాన్నే మెహమాన్‌కు చూపించేది. అందులో కొన్ని గడులు బోర్డు సొంత అవసరాలకు పోతాయి. ఒకటి స్క్రీన్‌కు, ఒకటి నెట్‌వర్క్‌కు, డిస్కులకు కొన్ని. మిగిలినవాటిలోనే అసలు పరికరాలను కూర్చోబెట్టాలి.

ఐదు బిట్లను ఆరు చేయడం కుదరదు. ప్రపంచంలో ఉన్న ప్రతి కార్డూ, ప్రతి ఆపరేటింగ్ సిస్టమూ ఆ ఐదింటినే నమ్ముకుని ఉన్నాయి. ఇది డాల్ఫిన్ నోస్‌కూ దర్గా కొండకూ నడుమ దారి లాంటిది. కొండ జరగదు. మరి ఇంజినీర్లు ఏం చేశారు? అదే పీసీఐ నియమాల్లో ఒక వెసులుబాటు ఉంది. ఒక గడిలో పరికరానికి బదులు వంతెన పెట్టవచ్చు. ఆ వంతెన అవతల ఇంకో కొత్త దారి మొదలవుతుంది. దానికి మళ్లీ తన సొంత నంబర్లు ఉంటాయి. దారుల నంబరుకు ఎనిమిది బిట్లు ఉన్నాయి కనుక 256 దారులు వేసుకోవచ్చు. పాత దారిని ముట్టుకోకుండా బయట కొత్తది కట్టడం. విశాఖవాళ్లకు ఇది కొత్తగా వివరించాల్సిన పని లేదు. ఇది మన ఔటర్ హార్బరే.

రెండో హద్దు: ఖాతా పుస్తకం

వంతెన వేసి జాగా చేశాక కూడా "ఖాళీ స్లాట్ లేదు" అనే జవాబే వచ్చేది. ఈసారి స్లాట్ అంటే కార్డు కూర్చునే చోటు కాదు. మేజ్బాన్ దగ్గరున్న ఒక ఖాతా పుస్తకంలో ఒక వరుస.

మెహమాన్ తనకు తెలిసిన అడ్రస్ చెబుతాడు. అది అసలు మెమరీలో ఎక్కడుందో మేజ్బాన్ చూసుకోవాలి. "ఈ అడ్రస్ నుంచి ఈ అడ్రస్ దాకా, అసలు చోటు ఇది" అని ఒక్కో తునకకు ఒక్కో వరుస రాసుకుంటాడు. కేవీఎంలో ఆ పుస్తకానికి 2012 దాకా ఉన్న వరుసలు 32. పీసీఐ 32కూ దీనికీ ఏ రిష్తా లేదు. రెండు వేర్వేరు హద్దులు, అదద్ మాత్రం ఒకటే. చాలామంది ఇక్కడే ధోకా తింటారు. ఒకచోట పెంచి "ఇంకా ఎందుకు కావడం లేదు?" అని బుర్ర పట్టుకుంటారు.

అసలు పరికరాన్ని అప్పగిస్తే పుస్తకంలో ఎన్ని వరుసలు పడతాయి? ఒక పీసీఐ పరికరం మెమరీలోకి ఆరు కిటికీల దాకా తెరవగలదు. దాని సొంత రోమ్‌కు ఇంకొకటి. అంతరాయాల పట్టిక ఒక కిటికీని రెండుగా చీలిస్తే మరొకటి. మొత్తం ఎనిమిది దాకా. మామూలుగా మూడు, నాలుగు చాలు.

ఇప్పుడు హిసాబ్ వేద్దాం. సాధారణ నకలు మెషిన్ తన సొంత పనులకు ఒక డజను వరుసలు తీసుకుంటుందని అనుకోండి. 32లో 20 మిగులుతాయి. పరికరానికి నాలుగు చొప్పున ఐదు పరికరాలు. ఎనిమిది చొప్పున అయితే రెండే రెండు. కొడుకు తల పట్టుకున్నది ఇందుకే.

2012 చివర్లో అలెక్స్ విలియమ్సన్ ఈ హద్దును 125కు పెంచుతూ మార్పు పంపాడు. 125 అనే వింత అంకె ఎందుకు? మేజ్బాన్ తన సొంత పనికి మూడు వరుసలు అట్టిపెట్టుకుంటాడు. అవి కలిపితే 128. తన మార్పుతో పాటే సబబ్ కూడా రాశాడు: అప్పగించే పరికరాలు ఎక్కువ పట్టాలి. హిసాబ్ కూడా ఇచ్చాడు. డజను పోగా మిగిలిన 113లో, ఎనిమిది చొప్పున వేసినా 14 పరికరాలు. మామూలు లెక్కలో 28 నుంచి 37 దాకా.

మరి మొదటే వెయ్యి రాసేసుకోవచ్చు కదా అని మీరడగవచ్చు. ఇక్కడే అసలు ముచ్చట ఉంది. పుస్తకం పెద్దదైతే వెతకడానికి వక్త్ ఎక్కువ పడుతుంది. ఈ వెతుకులాట రోజుకోసారి జరిగేది కాదు. మెషిన్ నడుస్తున్నంతసేపూ ఎన్నోసార్లు జరుగుతుంది. మొదటి పేజీ నుంచి వరుసగా చదువుకుంటూ పోతే 32 వరుసలు ఫర్వాలేదు, 500 వరుసలు భారం. చిన్న అదద్ వెనుక ఉన్న సబబ్ అదే.

2014 చివర్లో ఇగోర్ మామెదోవ్ రెండు పనులు చేశాడు. ఒకటి, హద్దును 509కి పెంచాడు. ఆ మూడు కలిపితే 512. నడుస్తున్న మెషిన్‌కే మెమరీ ముక్కలు తగిలించుకునే వీలు అప్పుడు వస్తోంది. వాటికి 256, మిగిలిన 253 పరికరాలకూ మిగతావాటికీ. రెండోది, వెతికే తరీఖాను మార్చాడు. వరుసలను అడ్రసుల క్రమంలో పేర్చి, మధ్యలో తెరిచి, ఇటా అటా అని సగం సగం కొట్టేసుకుంటూ పోవడం. మనం నిఘంటువులో మాట వెతికినట్టు. 500 వరుసల్లో తొమ్మిది చూపుల్లో దొరికిపోతుంది. హద్దు పెంచడం, ఆ హద్దు కాపాడుతున్న బలహీనతను సరిచేయడం, ఈ రెండూ కలిసి నడవాలి.

స్టీల్‌ప్లాంటులో పనిచేసిన అబ్బాలకు ఇది వెంటనే అర్థమవుతుంది. గోదావరి, కృష్ణ ఫర్నేసుల పక్కన 2012లో అన్నపూర్ణ వచ్చింది. సామర్థ్యం 30 లక్షల టన్నుల నుంచి 63 లక్షలకు పెంచడానికి కట్టారు. కానీ మూడో ఫర్నేసు ఒక్కటి నిలబెడితే ఉక్కు రెట్టింపు అవుతుందా? దానికి కోక్ కావాలి, సింటర్ కావాలి, ఆక్సిజన్ కావాలి, దిగిన ద్రవాన్ని ఉక్కు చేసే షాపు కావాలి, దిమ్మెలు లాగే మిల్లు కావాలి. కాగితం మీద ఒక అదద్ మారితే దాని వెనుక పది అదద్‌లు మారాలి.

2021లో 509 కూడా చాలలేదు. ఈసారి కారణం పరికరాలు కాదు. ఒక నకలు విండోస్ మెషిన్‌కు 256 ప్రాసెసర్లు ఇచ్చి, హైపర్‌-వీ తరహా ఒక సదుపాయం ఆన్ చేస్తే, ప్రాసెసర్‌కు రెండు పేజీల చొప్పున ప్రత్యేక వరుసలు కావలసి వచ్చింది. 256 ఇంటూ 2, 512. హద్దు 509. మెషిన్ లేవలేదు. విటాలీ కుజ్నెత్సోవ్ కోడ్ అంతా తిరగేసి చూశాడు. వరుసలు ఎప్పటికప్పుడు జరూరత్ మేరకు తయారవుతున్నాయి. ముందే కేటాయించిన స్థిరమైన పట్టిక ఎక్కడా లేదు. అంటే 509కి కారణం ఎప్పుడో పోయింది, అంకె మాత్రం మిగిలింది. నిజంగా అడ్డున్నది వరుస నంబరు రాసుకునే చిన్న గడి ఒక్కటే. అది పట్టేంతవరకు, అంటే మొత్తం 32,767 దాకా హద్దు పెంచేశారు. ఆ తర్వాత ఆ జాబితాను కొమ్మల్లా విడిపోయే చెట్టు రూపంలోకి మార్చే పని కూడా లినక్స్‌లో చేరింది.

32, 125, 509, 32,767. ఒక్కో అంకె వెనుక ఒక్కో జమానా జరూరత్ ఉంది. నాలుగింటిలో ఒక్కటీ తఖ్‌దీర్ రాసింది కాదు. ఇన్సాన్ రాసినవే.

మూడో హద్దు: పొరుగువాడి హక్

ఇక్కడ ఆపేస్తే "హద్దులన్నీ పాత అందాజాలే, కొట్టి పారేయండి" అనే గలత్ సబక్ మిగులుతుంది. అందుకే 2019కి రావాలి.

వీఎఫ్ఐవోలో ఒక లొసుగు బయటపడింది. పరికరం చేతిలో ఉన్న మెహమాన్, "ఈ అడ్రస్‌ను ఈ పరికరానికి చూపించు" అని మేజ్బాన్‌ను అడుగుతూ ఉంటాడు. ప్రతి అడగడానికీ మేజ్బాన్ ఒక చిన్న చీటీ రాసుకోవాలి. మామూలు మెమరీ విషయంలో ఆ అడగడాలకు ఎప్పటినుంచో ఒక లెక్క ఉంది. ఎవరు ఎంత మెమరీ బిగించి పట్టుకోవచ్చో దానికి పరిమితి ఉంది. కానీ పరికరాల సొంత కిటికీలను చూపించమని అడిగితే ఆ లెక్కలోకి రాదు. చీటీలు మాత్రం మేజ్బాన్ మెమరీనే తింటాయి. బద్‌నీయత్ ఉన్న మెహమాన్ అలా అడుగుతూనే పోతే మేజ్బాన్ ఇల్లంతా చీటీలతో నిండి, మొత్తం మెషిన్ కూలిపోతుంది. ఆ ఇంట్లో ఉన్న మిగతా మెహమాన్లందరూ ఏ గునాహ్ లేకుండా వీధిన పడతారు.

ఈ లొసుగును మూసిన మార్పు ఏమిటో తెలుసా? ఒక హద్దు. ఒక్కసారి 65,535కు మించి చీటీలు ఉండకూడదు. దాన్ని రాసిందెవరు? అలెక్స్ విలియమ్సన్. ఏడేళ్ల కింద "హద్దు చాలడం లేదు, పెంచండి" అని 32ను 125 చేసిన మనిషే, 2019లో "ఇక్కడ హద్దు లేదు, పెట్టండి" అన్నాడు.

ఇందులో తజాద్ ఏమీ లేదు. రెండుసార్లూ ఆయన వేసుకున్న సవాల్ ఒకటే: ఈ అదద్ ఎవరిని కాపాడుతోంది? 32 ఎవరినీ కాపాడటం లేదు. పాత పుస్తకం సైజు మాత్రమే. అది షరీఫ్ మెహమాన్‌ను ఆపుతోంది. 65,535 పక్కగది వాడి హక్‌ను కాపాడుతుంది. పెద్ద మెషిన్‌కు కూడా మామూలుగా పదుల్లోనే చీటీలు చాలు కనుక షరీఫ్ మెహమాన్‌కు ఆ హద్దు సాధారణంగా తగలదు. పైగా దాన్ని ఇంటి యజమాని కావాలంటే మార్చుకునేలా పెట్టారు. కానీ మెహమాన్ చేతికి మాత్రం ఇవ్వలేదు.

పొరుగువాడి హక్ గురించి మన ప్రవక్త (స) ఎంత తాకీదు చేశారో మీకు నేను చెప్పనక్కర్లేదు. మన దీన్‌లో "హుదూద్" అనే మాటకు ఎంత వజన్ ఉందో కూడా తెలిసిందే. ఎవరి హక్ మీదా పడకుండా ఆపే హద్దు వేరు, అలవాటు వల్ల మిగిలిపోయిన హద్దు వేరు. ఈ ఫర్క్ తెలుసుకోవడానికే ఇల్మ్ కావాలి.

మళ్లీ మన ఊరికి

2025 అక్టోబర్ 14న గూగుల్ విశాఖలో ఏఐ హబ్ కడతామని ప్రకటించింది. ఐదేళ్లలో 15 బిలియన్ డాలర్లు, గిగావాట్ స్థాయి డేటా సెంటర్, సముద్రం కింది నుంచి వచ్చే కేబుళ్లకు దిగే రేవు. 1933లో ఓడ వచ్చిన ఒడ్డుకు ఇక కేబుల్ వస్తుందన్నమాట.

ఇలాంటి డేటా సెంటర్లలో మన ఈ కథ రోజువారీ కామ్. ఏఐ పనికి వాడే సర్వర్‌లో సాధారణంగా ఎనిమిది గ్రాఫిక్స్ ప్రాసెసర్లు ఉంటాయి. ఎనిమిదింటినీ ఒకే నకలు మెషిన్‌కు తగిలించాలి. వాటితో పాటు వేగమైన నెట్‌వర్క్ కార్డులు, డిస్కులు. వీఎంవేర్ లాంటి పెద్ద కంపెనీ కూడా 2022లో వచ్చిన తన వీస్ఫియర్ 8లోనే ఒక మెషిన్‌కు ఇవ్వగల వర్చువల్ గ్రాఫిక్స్ ప్రాసెసర్లను నాలుగు నుంచి ఎనిమిది చేసింది. ఒక్కో కార్డు పదుల జీబీల వెడల్పు ఉన్న కిటికీ అడుగుతుంది. నకలు మెషిన్‌ను లేపే ఫర్మ్‌వేర్ ఓవీఎంఎఫ్‌లో అలాంటి కిటికీలన్నింటికీ కలిపి మొదట ఉంచిన జాగా 32 జీబీ మాత్రమే. మళ్లీ ఒక పాత అందాజా. మళ్లీ "జాగా లేదు" అనే జవాబ్. రేపు మన కుర్రాళ్లలో ఎవరో ఆ అంకె దగ్గర ఆగుతారు. దాన్ని చూసి "సిస్టమ్ ఒప్పుకోదు" అని లేచిపోయేవాడు ఒకడు. "దీన్ని ఎవరు రాశారు, ఏ సబబ్‌తో రాశారు?" అని వెనక్కి వెళ్లి తారీఖ్ చదివేవాడు ఒకడు. జీతంలోనూ ఇజ్జత్‌లోనూ ఆ ఇద్దరి నడుమ ఫర్క్ వస్తుంది. లినక్స్‌లో ప్రతి మార్పూ సబబ్‌తో సహా అందరి కోసం తెరిచి ఉంటుంది. చదవడానికి ఫీజు లేదు, సిఫారసు అక్కర్లేదు.

ఇక మూడో రకం హద్దు మన ఊళ్లో ఎక్కడుందని నేను ముందే మాట ఇచ్చాను. దర్గా కొండ దిగి వన్‌టౌన్ ఇళ్ల మధ్య నడవండి. మేడ మీద ఆరేసిన బట్టల మీద, కిటికీ రేకుల మీద, పిల్లల పుస్తకాల మీద నల్లటి పొడి. రేవులో బొగ్గు, ఖనిజం దింపేచోటి నుంచి గాలి మోసుకొచ్చేది. రేవు తన టన్నుల హద్దును పెంచుకుంటూ పోయింది. మంచిదే, ఎంతోమంది చూల్హాలు దానివల్లే వెలిగాయి. కానీ ఆ చీటీలను ఎవరి మెమరీలో రాస్తున్నామో చాలాకాలం లెక్కలోకి రాలేదు. అవి అమ్మీల ఊపిరితిత్తుల్లో చేరాయి. గుట్టల మీద నీళ్లు చల్లడం, పట్టలు కప్పడం, కన్వేయర్లను మూయడం, ఇవన్నీ పొరుగువాడి హక్ కోసం పెట్టే హద్దులు. వీటిని ఎవరైనా "అభివృద్ధికి అడ్డు" అంటే ఇది 32 కాదు, ఇది 65,535 అని చెప్పగలగాలి. రేపు వచ్చే డేటా సెంటర్‌కు ఎంత కరెంటు, ఎంత నీళ్లు అని అడిగేటప్పుడూ ఇదే తరాజు వాడాలి.

"విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు" అని 1966లో మన పెద్దలు వీధుల్లోకి వచ్చారు. ప్రాణాలు కూడా ఇచ్చారు. 1971 జనవరి 20న శంకుస్థాపన జరిగింది. "ఇక్కడ ఉక్కు కర్మాగారం సాధ్యం కాదు" అన్నది ఆ రోజు కొందరి అదద్. అది ఎవరి హక్‌నూ కాపాడలేదు. అందుకే పోయింది.

కాబట్టి అమ్మీ అడిగిన సవాల్‌ను పిల్లలు తేలిగ్గా తీసుకోకండి. ఈసారి మెషిన్ "హద్దు దాటింది" అంటే ముందు మూడు సంగతులు చూడండి. ఇది దారి ఇరుకా? అయితే బయట కొత్త దారి కట్టాలి. ఇది ఖాతా పుస్తకం సైజా? అయితే వెతికే తరీఖా మార్చి పుస్తకం పెంచాలి. ఇది పొరుగువాడి హక్కా? అయితే చేతులు వెనక్కి తీసుకోవాలి.

ఆ తర్వాత వెళ్లి అమ్మీకి చెప్పండి, "ఫలానా ఏడాదిలో, ఫలానా మనిషి, ఫలానా సబబ్‌తో పెట్టాడమ్మీ" అని. స్లాట్ అంటే ఏమిటో ఆమెకు ఇంకా తెలియకపోవచ్చు. కొడుకు ఏం కామ్ చేస్తున్నాడో మాత్రం ఆ రోజు తెలుస్తుంది.

ఖుదా హాఫిజ్.